గృహపరిచర్యకు కట్టుబాటు

కోనసీమ గ్రామములలో నేడు అనేకములైన లోగిళ్లలో వృద్ధదంపతులో, వారిలో మిగిలిన ఒక్కరో తప్ప వేరొకరు కానరారు. కొడుకులును కూతుళ్లును హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఉద్యోగములలో నున్నారు. కొబ్బరితోట కౌలుకు పోయినది. వంటకు ఒక మనిషి వచ్చి పోవును. ఇంతవరకు ఎట్లో గడచును. కాని యొకనాడు తండ్రికి పక్షవాతము వచ్చును. లేదా తల్లి స్నానపుగదిలో జారిపడి తుంటి విరుగును. కాకినాడలోనో రాజమహేంద్రవరములోనో కొన్నిదినములు ఆస్పత్రిలో నుంచి, ఇక నింటికి తీసికొనిపోయి చూచుకొనుడని వైద్యులు పంపివేయుదురు. బిడ్డలు సెలవు పెట్టి వచ్చి రెండు వారములుందురు. మూడవ వారమున ప్రశ్న పుట్టును: ఇక చూచువారెవరు?

ఆ ప్రశ్నకు నేడు దొరకుచున్న సమాధానము ఒక ఫోను నంబరు. ఎవరో యిచ్చిన ఆ నంబరుకు ఫోను చేయగా ఏజెన్సీవారు నెలకింత యని చెప్పి, అడ్వాన్సు పుచ్చుకొని, మరునాటి బస్సులో ఒక మనిషిని పంపుదురు. కేర్‌టేకరనియు, హోమ్ నర్సనియు, ఆయా యనియు ఆమెకు పేర్లు. ఆమె యేమి నేర్చినది, ఎవరివద్ద నేర్చినది, ఇదివరకు ఏయే యిండ్లలో పనిచేసినది యని అడుగు నలవాటు మనకు లేదు. చెప్పవలసిన నిర్బంధము ఏజెన్సీకి లేదు. ఆమెకు మాత్రము ఆ యిల్లెట్టిదో, రోగియొక్క జబ్బేదో, దినమునకు ఎన్ని గంటలు మేలుకొనవలయునో ఎవరు చెప్పిరి? ఒకరినొకరు ఎరుగని యిద్దరిని ఒక గదిలో నుంచి మనము తలుపు చేరవేసి పోవుచున్నాము. ఈ వ్యవహారమునకు చట్టము కావలయుననియు, చట్టము వచ్చువరకు ఊరి కట్టుబాటైనను కావలయుననియు మా యభిప్రాయము.

ఈ కోరిక వింతగా తోచువారు ఒక్క సంగతి ఆలోచింతురుగాక. ఒక బ్యాంకు వాకిటనో అపార్టుమెంటు గుమ్మముకడనో నిలుచు కాపలాదారును పంపు సంస్థకు 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టముచేత లైసెన్సు ఉండి తీరవలయును. ఆ కాపలాదారు వయస్సు పదునెనిమిది మొదలు అరువదియైదువరకు నుండవలయును. అతడు నిర్ణీతమైన శిక్షణ పొందియుండవలయును. అతని పూర్వచరిత్ర విచారింపబడియుండవలయును. ఫొటోతో గూడిన గుర్తింపు చీటి ఉండవలయును. గుమ్మము బయట నిలుచువానికి ఇన్ని నిబంధనలు. గుమ్మము దాటి లోనికి వచ్చి, కదలలేని మనిషిని ఎత్తి, స్నానము చేయించి, మందు మ్రింగించి, రాత్రియంతయు ఒంటరిగా ఆతనికడ నుండువారిని పంపు సంస్థకు అట్టి నిబంధన యొక్కటియు లేదు. బీరువాకు కావలికాయువానిపై గల శ్రద్ధ తల్లిదండ్రుల ప్రాణముపై లేదా యని యెవరైన నడిగినచో మన శాసనసభలు చెప్పు సమాధానమేమి?

ఈ లోపమును ప్రభుత్వము గుర్తింపకపోలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. బిడ్డలు పోషింపనిచో వృద్ధులు ట్రిబ్యునలునకు మొరపెట్టుకొనవచ్చును. మన రాష్ట్రమున రెవిన్యూ డివిజనల్ అధికారియే దానికి అధ్యక్షుడు. కాని ఆ చట్టము మనోవర్తి సంగతి చూచినదే గాని, డబ్బిచ్చి పిలిపించుకొన్న పరిచర్య మంచిదా చెడ్డదా యని చూడలేదు. ఆ చట్టమును సవరించుటకు 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లులో గృహపరిచర్య యనునది మొదటిసారిగా నిర్వచింపబడినది. అట్టి సేవ చేయు సంస్థలు రిజిస్టరు కావలయుననియు, వానికి కనీస ప్రమాణములను కేంద్రప్రభుత్వము నిర్ణయింపవచ్చుననియు అందు వ్రాయబడినది. ఆ బిల్లు స్థాయీసంఘమునకు పోయి వచ్చి, చట్టము కాకయే నిలిచిపోయి, 2024లో పదునేడవ లోక్‌సభతోపాటు చెల్లిపోయినది. దానికొరకు ఏ యూరిలోను ఒక సభ జరిగిన జాడ లేదు.

రాష్ట్రమున 2002 నాటి ప్రైవేటు వైద్యసంస్థల చట్టమొకటి యున్నది. దాని చూపంతయు ఆస్పత్రులపై, నర్సింగుహోములపై, పరీక్షాశాలలపై. అనగా పడకలును గోడలును గల స్థలములపై. రోగి ఆస్పత్రి మెట్లు దిగిన క్షణముననే చట్టముయొక్క చూపు ఆతనిని విడిచిపెట్టును. జబ్బు మాత్రము విడువలేదు. నిన్న నర్సు చేసిన పని నేడు పేరు తెలియని మనిషి చేయుచున్నది; అంతియే భేదము.

ఇంటికి వచ్చి సేవచేయువారిని రిజిస్టరు చేయుట మన దేశమునకు క్రొత్తయు గాదు. గోదావరి జిల్లాలు మదరాసు రాజధానిలో నున్న కాలమున, 1926లోనే, నర్సులను మంత్రసానులను రిజిస్టరు చేయు చట్టము వచ్చినది. నాడు కాన్పులు ఆస్పత్రులలో గాక ఇండ్లలోనే జరుగుచుండెను. చేతులు కడుగకయే బొడ్డు కోయుటవలన తల్లియు బిడ్డయు చచ్చుచుండిరి. కావున ఇంటిలోనికి వచ్చు చేతికి నేర్పు కలదా యని అడుగు అధికారము ప్రజలకు కలదని నాటి పరాయి ప్రభుత్వము సైతము ఒప్పుకొనవలసివచ్చినది. స్వరాజ్యము వచ్చి డెబ్బదియేండ్లు గడచిన తరువాత, పుట్టుకకు దొరకిన ఆ రక్షణ ముసలితనమునకు దొరకలేదు.

ఏ ప్రమాదములనుగూర్చి యింత చెప్పుచున్నారని పాఠకులడుగవచ్చును. ఒక్కొక్కటియే చెప్పెదము. మంచమునుండి కదలలేని రోగిని ఇంచుమించు రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలయును. తిప్పనిచో నడుము క్రిందను, మడమలవద్దను చర్మము మొదట ఎర్రబారి, పిమ్మట చితికి, ఎముకదాక పుండగును. ఈ పడకపుండ్లు చీము పట్టి నెత్తురులోనికి విషమెక్కి ప్రాణము తీయగలవు. ముక్కుగొట్టముద్వారా ఆహారమిచ్చునప్పుడు తలవైపు ఎత్తుగా నుంచి, పిమ్మటకూడ కొంతసేపు అట్లే కూర్చుండబెట్టవలయును. వెల్లకిల పరుండబెట్టి పోసినచో అది ఊపిరితిత్తులలోనికి జారి జ్వరము తెచ్చును. మూత్రపు సంచి ఎప్పుడును పొత్తికడుపుకంటె దిగువనే వ్రేలాడవలయును. మంచముపై నుంచినచో మూత్రము వెనుకకు మరలి రోగమగును. ఇవి యన్నియు ఒక వారములో నేర్పదగిన సంగతులు. నేర్పినవారు లేకపోవుటవలన నెలల బాధలు కలుగుచున్నవి.

ఇన్సులిను సంగతి ఇంకను భయంకరమైనది. మన మందుల దుకాణములలో మిల్లీలీటరునకు 40 యూనిట్ల బలముగల మందును, 100 యూనిట్ల బలముగల మందును, రెండును దొరకును. దేని సిరంజి దానికే తగినది. 40 దానికి ఎర్రని మూత, 100 దానికి నారింజరంగు మూత. నూరు బలముగల మందును నలుబది సిరంజితో కొలిచి యెక్కించినచో, గీత సరిగానే కనబడును గాని, ఒంటిలోనికి రెండున్నర రెట్ల మందు పోవును. రాత్రి భోజనము సరిగా చేయని వృద్ధుడు తెల్లవారుసరికి స్పృహతప్పి యుండును. అతడు నిద్రించుచున్నాడని ప్రక్కనున్న మనిషి యనుకొనును. ఇందు ఎవరి దుర్బుద్ధియు లేదు. రెండు మూతల రంగులు ఎరుగకపోవుట మాత్రమే యున్నది. కావుననే నర్సుకును సహాయకురాలికిని భేదము స్పష్టముగా నుండవలయునని చెప్పుచున్నాము. మూడేండ్లు చదివి నర్సింగు కౌన్సిలులో పేరు వ్రాయించుకొన్నవారొకరు. స్నానము, భోజనము, నడక, శుభ్రతలలో సాయపడువారొకరు. ఇద్దరును కావలసినవారే, ఇద్దరును గౌరవింపదగినవారే. కాని రెండవవారికి మొదటివారి పేరు పెట్టి, మొదటివారి రుసుము వసూలుచేసి, మొదటివారి పని చేయించుట ప్రజలను మోసగించుటయే.

ఇక రెండవ పక్షము వినవలయును. ఈ సేవకు వచ్చువారిలో పేదకుటుంబముల స్త్రీలే విశేషము. ఇరువదినాలుగు గంటల మనిషి కావలయునని ఏజెన్సీని అడుగుచున్నామే, ఇరువదినాలుగు గంటలు మేలుకొనగల మనిషి లోకములో ఎవరైన నున్నారా? పగలంతయు పనిచేసి, రాత్రి నాలుగుసార్లు లేచి, మరునాడు మరల పగలంతయు నిలుచున్న మనిషి చేతిలో మందు లెక్క తప్పినచో ఆ తప్పెవరిది? రోగిని ఒంటరిగా ఎత్తి నడుము పోగొట్టుకొన్నచో ఆమెకు దిక్కెవరు? సూది గుచ్చుకొన్నచో పరీక్ష చేయించువారెవరు? ఇంట ఏ యుంగరమో కనబడనిచో మొదటి యనుమానము ఆమెపైననే. ఇంటివారు ఏజెన్సీకి ఇచ్చు సొమ్ములో తన కెంత చేరవలయునో ఆమెకు వ్రాతపూర్వకముగా చెప్పువారు లేరు. కొన్ని యిండ్లలో ఆమెకు వేరు కంచము, వేరు లోటా. కన్నతండ్రి మలమూత్రములెత్తు చేయి మన కంచమును తాకరాదనుట ఏ ధర్మశాస్త్రము? 2022లో డాక్టరు బి. ఆర్. అంబేద్కరు నామమును దాల్చిన జిల్లాలో ఈ ప్రశ్న వేయవలసివచ్చుట సిగ్గుచేటు.

పరుల యింట పనిచేయు స్త్రీ మానరక్షణకు చట్టము లేకపోలేదు. పనిస్థలములలో స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు 2013 నాటి చట్టములో నివాసగృహము సైతము పనిస్థలముగా చెప్పబడినది. గృహములలో పనిచేయువారు జిల్లాలో నేర్పరుపబడిన స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేసికొనవచ్చును. కాని ఆ సంఘమొకటి కలదని ఎంతమంది సహాయకురాండ్రకు చెప్పినారము? గృహకార్మికులందరికి ఒక చట్టము కావలయుననుటను విచారించుటకు సంఘమును నియమింపుడని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న కేంద్రప్రభుత్వమును ఆదేశించినది. న్యాయస్థానము చెప్పువరకు శాసనకర్తలు మేల్కొనకపోవుట మన రాజకీయములలో పరిపాటి యైపోయినది.

ఈ విషయమున కోనసీమకు గల అనుభవము మరియొక ప్రాంతమునకు తక్కువ. రాజోలు, అమలాపురము, పి. గన్నవరము ప్రాంతములనుండి ఎందరో స్త్రీలు కువైటు, దుబాయి, మస్కటు పోయి అచ్చట వృద్ధులను, శిశువులను సాకుచున్నారు. వారి శ్రమతో ఇచ్చట పెంకుటిండ్లు డాబాలైనవి. ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. వారి కష్టములు విని మన పత్రికలు, నాయకులు ఎన్నిసార్లు ఆగ్రహింపలేదు! పాస్‌పోర్టు లాగుకొనిరనియు, నిద్రపోనీయలేదనియు, జీతమెగవేసిరనియు ఎంత చెప్పుకొంటిమి! ఆ యాగ్రహము న్యాయమైనదే. విదేశములలో ఇంటిపనికి పోవు స్త్రీలకు ముప్పదియేండ్లు నిండవలయునని భారతప్రభుత్వము నిబంధన పెట్టినది. కువైటు రాజ్యము 2015లో 68వ చట్టము చేసి, గృహకార్మికులకు వారమున కొకదినము సెలవును, ఏడాదికి ముప్పది దినముల జీతముతోడి సెలవును, దినమునకు పండ్రెండు గంటలకు మించని పనియు నని శాసించినది. అది పూర్తిగా అమలగుచున్నదని మేమనుట లేదు. కాని చట్టమైనను వ్రాయబడినది. అమలాపురపు వీధిలో అదే పని చేయు స్త్రీకి ఆపాటి వ్రాతయైనను లేదు. మన యాడపడుచు కువైటులో కోరిన న్యాయమును మన యింట ఇంకొకరి యాడపడుచుకు ఈయనిచో మన యాగ్రహమునకు విలువ యేమి?

మన నేల స్వభావమునుబట్టియు ఒక ప్రత్యేక జాగ్రత్త కావలయును. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయమునకు ఇరుగడల నున్న ఈ లంకల సీమకు వరదయు తుపానును క్రొత్త చుట్టములు కావు. 1996 నవంబరు 6 నాటి తుపాను మన పెద్దలెవరును మరచిపోలేదు. 2022 జూలైలో ధవళేశ్వరముకడ గోదావరి ఇరువదియైదు లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు లంకగ్రామములు దినములతరబడి నీటి నడుమ నున్నవి. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము దగ్గర మొంథా తుపాను తీరము దాటినప్పుడు కోనసీమయంతయు గాలికి వణకినది. అట్టివేళ నడువగలవారు నడిచి పోవుదురు. మంచముపై నున్నవారిని, ఆక్సిజను యంత్రముపై ఆధారపడియున్నవారిని పడవలోని కెక్కించుట ఎట్లు? కరెంటు పోయినచో ఆ యంత్రమునకు బదులేమి? కనుక ఏయే గ్రామమున ఏయే యింట కదలలేని రోగులున్నారో ఆ పట్టిక వరదకు ముందే గ్రామసచివాలయమున నుండవలయును. వారిని చూచు సహాయకురాలికి ఎవరిని పిలువవలయునో తెలిసియుండవలయును. ఇదియును గృహపరిచర్య ప్రమాణములలో చేరినదే.

ప్రభుత్వము మంచముపట్టినవారిని ఎరుగదా యన్నచో, ఎరుగును. పక్షవాతముతోను, తీవ్రమైన కండరవ్యాధులతోను మంచమునకో చక్రపుకుర్చీకో పరిమితమైనవారికి 2024 జూలై మొదలు నెలకు 15,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నది. అంతకుముందు అది 5,000 రూపాయలు. ఇది మెచ్చదగిన పని. 2025 జనవరిలో వైద్యబృందములు ఆ పింఛనుదారుల యిండ్లకు పోయి, వారు నిజముగా అర్హులా కాదా యని పరీక్షించినవి. ప్రజల సొమ్మునకు లెక్క చూచుట తప్పుగాదు. కాని వైద్యుడు మంచముదాక వచ్చియు రోగి నిజమైనవాడా యని మాత్రమే చూచి, వీపున పుండున్నదా, గొట్టము ఎన్నాళ్లక్రింద మార్చిరి, ఇతనిని చూచు మనిషికి ఎవరైన నేర్పిరా యని అడుగకుండ తిరిగిపోవుట ఎట్టి వైద్యము? ఆ రాకపోకలనే సేవకు ఉపయోగించినచో సగము పని తీరియుండెడిది.

ఇది సాధ్యమని చూపినవారున్నారు. కోజికోడులో 1993లో కొందరు వైద్యులును పౌరులును కలిసి బాధానివారణ సంఘము నొకటి పెట్టి, రోగుల యిండ్లకే పోయి సేవచేయుట మొదలిడిరి. కేరళ ప్రభుత్వము 2008లో దానిని తన విధానముగా స్వీకరించినది. పంచాయతీలు నర్సులను నియమించి ఇంటింటికి పంపుచున్నవి. ఇంగ్లండులో ఇంటికి మనుష్యులను పంపి పరిచర్య చేయించు సంస్థ రిజిస్టరు కాకుండ పనిచేయరాదు. 2009 మొదలు పనిచేయుచున్న ఒక సంఘము వానిని తనిఖీ చేసి, అత్యుత్తమము, మంచిది, మెరుగుపడవలసినది, పనికిరానిది యని నాలుగు తరగతులుగా ప్రకటించుచున్నది. 2022 తరువాత తెలుగు యువతీయువకులును ఆ పనికి అచ్చటకు పోయిరి. 2025 జూలైలో ఆ దారి క్రొత్తవారికి మూయబడినది. పరదేశపు వృద్ధుని తాకుటకు ముందు ఆ శిక్షణ పొందిన మనవారే స్వగ్రామమున ఉపాధ్యాయులు కావచ్చును గదా!

మా కోరికకు మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి. నిబంధనలు పెట్టినచో ఖర్చు పెరుగునని మొదటిది. కొంత పెరుగును. కాని పడకపుండుతో మరల ఆస్పత్రికి పోయినచో అగు ఖర్చును, తుంటి రెండవసారి విరిగినచో అగు ఖర్చును లెక్కించినవారు ఈ మాట యనరు. డబ్బిచ్చుకొనలేని పేదయింటికి ప్రభుత్వ నర్సు రావలయునేగాని, పేదవారు గనుక నేర్పులేని సేవ చాలుననుట న్యాయము గాదు. లైసెన్సు అనగా లంచమని రెండవ యాక్షేపణ. ఈ భయము నిరాధారమని మేము చెప్పజాలము. నిబంధనలు కొలదిగను, స్పష్టముగను ఉండి, రిజిస్టరు అందరికి కనబడునట్లు మునిసిపాలిటీలోను గ్రామసచివాలయములలోను ఉన్నచో, దరఖాస్తుకు ఇన్నిదినములలో జవాబీయవలయునని గడువున్నచో, లంచమునకు చోటు తగ్గును. చీకటిలో నున్న వ్యాపారమునకే లంచము తోడు.

మూడవది ధర్మమునుగూర్చినది. తల్లిదండ్రులకు బిడ్డలే చేయవలయుగాని కూలిమనుష్యులకు అప్పగించి, దానికొక చట్టమా యని పెద్దలు బాధపడుచున్నారు. వారి బాధను మేము గౌరవింతుము. కాని పూర్వము ఆ సేవ చేసినవారెవరు? కొడుకులకంటె కోడండ్రు, విధవలైన మేనత్తలు, చదువు మాన్పింపబడిన ఆడపిల్లలు. వారి శ్రమ లెక్కకు రాలేదు గనుక ధర్మము సులభముగా జరిగినట్లు కనబడినది. ఆ రోజులు మరల రావు. రావలయునని కోరుటయు తగదు. ఎచ్చటనున్నను బిడ్డ చేయవలసిన పని కొంత మిగిలియేయున్నది: వచ్చు మనిషి ఎవరో తెలిసికొనుట, ఏమి చేయవలయునో వ్రాసియిచ్చుట, సకాలమున జీతమిచ్చుట, దినదినము విచారించుట. డబ్బు పంపి ఊరకుండుట ఈ నాలుగింటిలో దేనికిని బదులు గాదు.

2011 జనాభా లెక్కలనాటికే దేశమున నూటికి 8.6 మంది అరువదియేండ్లు నిండినవారైయుండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 9.8 మంది యుండిరి. ఆ సంఖ్య నాటినుండి పెరుగుచునే యున్నది. కావున ఆలస్యము కూడదు. ప్రజారోగ్యము రాజ్యాంగముచేత రాష్ట్రములకు అప్పగింపబడిన విషయము. ఢిల్లీ బిల్లు చెల్లిపోయినదని అమరావతి చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. రాష్ట్ర శాసనసభ చేయదగిన చట్టమున ఈ క్రింది యంశములుండవలయునని మేము కోరుచున్నాము.

మొదటిది, ఇండ్లకు పరిచారకులను పంపు ప్రతి సంస్థయు జిల్లాలో రిజిస్టరు కావలయును. పంపబడు ప్రతివారి పూర్వచరిత్రయు విచారింపబడి, ఫొటోతోడి చీటిలో వారి పేరు, శిక్షణ, తరగతి వ్రాయబడవలయును. రెండవది, నర్సు చేయదగిన పనులేవి, సహాయకురాలు చేయదగిన పనులేవి యని పట్టిక వేసి, ఆ హద్దు దాటించిన సంస్థకు శిక్ష విధింపవలయును. మూడవది, ప్రతి రోగియింట ఒక దినచర్య పుస్తకముండవలయును. మందు ఏ గంటకిచ్చిరి, ఎన్నిసార్లు ప్రక్కకు తిప్పిరి, ఏమి తినెను, సూదులను మురుగుకాలువలో పారవేయక ఎచ్చట నప్పగించిరి, అంతయు అందు వ్రాయబడవలయును. నెలకొకసారియైనను ఒక నర్సు వచ్చి దానిని, రోగిని చూడవలయును. నాలుగవది, సహాయకురాలికి పని గంటలు, రాత్రి నిద్ర, వారపు సెలవు, జీతము, ఇంటివారి సొమ్ములో సంస్థ తీసికొను భాగము, అన్నియు వ్రాతలో నుండవలయును. రాత్రింబవళ్లు మనిషి కావలసిన యింటికి ఇద్దరు మార్చిమార్చి రావలయును. ఐదవది, ఫిర్యాదు చేయుటకు ఒక చోటు కావలయును. అమలాపురము, కొత్తపేట డివిజనల్ అధికారుల యెదుట ఇదివరకే యున్న వృద్ధుల ట్రిబ్యునళ్లకు ఈ యధికారము కూడ ఇచ్చినచో క్రొత్త కచ్చేరీ యవసరము లేదు. సహాయకురాలి ఫిర్యాదునకు సైతము అచ్చట తలుపు తెరచియుండవలయును.

చట్టము వచ్చువరకు చేయదగినదియు కలదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట పట్టణములలోని పఠనాలయములు, మహిళాసంఘములు, విశ్రాంత ఉద్యోగుల సంఘములు నెలకొక సాయంకాలము ప్రభుత్వాస్పత్రి నర్సులను పిలిపించి, రోగిని తిప్పుట, ఎత్తుట, గొట్టముతో ఆహారమిచ్చుట, ఇన్సులిను కొలుచుట ఊరివారికి నేర్పింపవచ్చును. సహాయకురాండ్రు, వంటమనుష్యులు, కోడండ్రు, కొడుకులు, అందరును అందు కూర్చుండవలయును. కువైటునుండి తిరిగివచ్చిన స్త్రీలను పిలిచి వారి యనుభవము వినవలయును. ఏజెన్సీకి అడ్వాన్సు ఇచ్చుటకు ముందు అడుగవలసిన పది ప్రశ్నలను ఒక కాగితముపై అచ్చువేసి ఇంటింటికి పంచినను కొంత మేలు కలుగును. ప్రజలడుగుట నేర్చినచో మంచి సంస్థ లాభపడును. చెడ్డ సంస్థ తొలగిపోవును.

ఇంటికి వచ్చిన మనిషిని చీటి చూపుమనుట అమర్యాద యని కొందరు సంకోచింతురు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సమయమున, ఖద్దరు ప్రదర్శనశాల గుమ్మముకడ నిలిచిన పదునాలుగేండ్ల వాలంటీరు బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోనికి పోనీయలేదు. ఆయన కోపింపలేదు, ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి. కట్టుబాటు గౌరవమునకు విరోధము గాదని ఆ గుమ్మము మనకు నేర్పినది.

ఇదే కోనసీమలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు వేళ యని చూడక, కులమని అడుగక ఆకలిగొన్నవారికెల్ల అన్నము పెట్టినారు. 1909లో ఆమె గతించినారు. నేటికిని బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ప్రభుత్వము ఆమె పేరే పెట్టుకొన్నది. ఆమె దయకు చట్టమక్కరలేకపోయినది, ఆమె స్వయముగా వడ్డించినది గనుక. నేడు మన పెద్దలకు అన్నము కలిపి నోటికందించు చేయి మనది గాదు. జీతమునకు వచ్చిన ఒక పేదస్త్రీది. ఆ చేయి నేర్పుగలదై, విశ్రాంతిగలదై, నిర్భయమై యుండునట్లు చూచు బాధ్యత మాత్రము మనదే. రాబోవు శాసనసభా సమావేశములలో మన జిల్లా సభ్యులు ఈ విషయమును లేవనెత్తుదురా యని మేమడుగుచున్నాము. ప్రతి పఠనాలయమునుండియు వారికీ ప్రశ్న పోవలయును. జవాబు వచ్చువరకు పోవుచునే యుండవలయును.